వైద్యశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు

కొల్లేటి సరస్సుకు తూర్పున ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి కృతార్థులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసివచ్చింది. అన్నగారు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించడం ఆయన మనస్సును కలచివేసింది.

అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలోని ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరపు రసాన్ని పరీక్షించినప్పుడు ఆ రంగు వెంటనే తేలక, నెమ్మదిగా చిక్కబడింది. మరొకరైతే పొరపాటని పారబోసేవారేమో! నిలకడలేని పదార్థమేదో విడిపోతూ ఫాస్ఫరస్‌ను విడుదల చేస్తున్నదని వారు గ్రహించారు. 1927లో లోకానికి తెలిసిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్.

నేడు మెదడులో మచ్చ కనిపిస్తే అది కణితియా, క్షయగడ్డయా, చీముగడ్డయా అన్నది స్కానింగు చిత్రం ఒక్కటే తేల్చలేదు. ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ ఆ చోటి రసాయనాలను గీతల రూపంలో చూపుతుంది. అందులో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు కలిసి ఒకే శిఖరంగా కనిపిస్తాయి. అది సాధారణంగా అంతగా మారదు కనుక, వైద్యులు తక్కిన వాటిని దానితో పోల్చి చూస్తారు. కోలిన్ పెరిగి, నాడీకణాల ఆరోగ్యాన్ని సూచించే ఎన్.ఎ.ఎ. తగ్గితే కణితి అన్న అనుమానం బలపడుతుంది. అయినా పెక్కు సందర్భాలలో తుది నిర్ణయం బయాప్సీదే. చిన్న తునకను సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. అది మెదడులోనే పుట్టిన లింఫోమా అని తేలితే, గడ్డను పూర్తిగా కోసివేయడం కన్న మెథోట్రెక్సేట్‌ను అధిక మోతాదులో ఇవ్వడమే ప్రధాన చికిత్స.

ఆ మందు కూడా సుబ్బారావు ప్రయోగశాలదే. హార్వర్డులో స్థిరమైన పదవి లభించక 1940లో లెడర్లీ సంస్థలో చేరిన ఆయన నేతృత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారైంది. అన్నగారిని బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైంది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొనే అమినోప్టెరిన్‌ను ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పసివారికి ఇవ్వగా, కొందరికి తాత్కాలికంగా ఉపశమనం కలిగింది. మెథోట్రెక్సేట్ దాని సోదర ఔషధం.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. మాతృదేశానికి తిరిగి రానేలేదు. బోదకాలు నివారణకై గోదావరి జిల్లాల పల్లెలలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర మాత్రం ఆయన ప్రయోగశాల నుండి వచ్చినదే.