అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారు

పెట్టే గుణం మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? డబ్బుండటం వల్లే అయితే ఉన్నవాళ్లందరూ పెట్టాలి కదా! సీతమ్మ గారి జీవితం చూస్తే, చిన్నప్పుడు ఇంట్లో చూసినదే చేతికి అలవాటవుతుందేమో అనిపిస్తుంది.

ఆమె 1841లో గోదావరి సీమలోని మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారు వచ్చినవారికల్లా అన్నం పెట్టేవారు. అందుకే ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచేవారట. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు ఒకనాటి మధ్యాహ్నం ఆ ఇంట భోజనం చేసి, సీతమ్మ గారి ఆదరణ చూసి ఆమెను వివాహమాడారని చెబుతారు.

గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో కోనసీమలో ప్రయాణమంటే నడక, ఎడ్లబండి, పడవ. రేవు దాటి వచ్చేసరికి ఎవరికైనా కడుపు కాలుతుంది. ఏ కులమని అడగకుండా, వేళ కాని వేళ వచ్చినా సీతమ్మ గారు పొయ్యి రాజేసేవారు. సేద్యం మీద వచ్చినది వంటింట్లోకే పోయేది. ఆస్తి తరుగుతున్నా ఆమె చెయ్యి వెనక్కి తీయలేదంటారు.

ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్లివారు, గన్నవరం చేరితే సీతమ్మ గారింట భోజనం దొరుకుతుందని పిల్లలను సముదాయించడం విన్నారు. వెంటనే పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. ఆమె కీర్తి ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి దాకా వెళ్లిందని, ఆయన పట్టాభిషేక సమయంలో ఆమె ఫోటో తెప్పించుకున్నారని చెప్పుకుంటారు. 1909లో ఆమె కన్నుమూశారు.

కాటన్ దొర కాలపు గన్నవరం అక్విడక్టు పాతబడ్డాక, దాని పక్కన కట్టిన కొత్తదానికి ఆమె పేరే పెట్టారు. నది మీదుగా అవతలి లంక పొలాలకు కాలువ నీరు అందించే కట్టడమది. ఇంజనీరుగా నాకు అంతకంటే తగిన పేరు తోచదు.

మనలో కొందరి పరీక్ష ఫీజు మాస్టార్లే కట్టిన రోజులున్నాయి. జీతం చిన్నదైనా వాళ్లు ఆగలేదు. బాగా స్థిరపడ్డాక ఇద్దామని స్వర్ణోత్సవ నిధి విషయంలో వాయిదా వేస్తున్న మిత్రులకు ఒక్క మాట: ఈ సంవత్సరం ఫీజు కట్టాల్సిన పిల్లవాడు ఈ సంవత్సరమే కట్టాలి. మీకు వీలైనంత ఇప్పుడే ఇవ్వండి.