దేహపు ఎల్లలు దాటిన విజ్ఞాని – జె. బి. యస్. హాల్డేన్

మన ఇండ్లలో కిటికీ చట్రం మీదనో, పుస్తకాల బీరువా వెనుకనో మట్టితో గూడు కట్టే కందిరీగను చూడనివారు అరుదు. తడిమట్టిని చిన్న ముద్దలుగా నోట కరచుకొని వచ్చి, గదులు గదులుగా గూడు నిర్మించి, ఒక్కొక్క గదిలో చైతన్యముడిగిన సాలెపురుగులను పేర్చి, గ్రుడ్డు పెట్టి, మూత వేసి అది ఎగిరిపోతుంది. కొన్నాళ్ళకు ఆ గదినుండి దానివంటి కందిరీగయే వెలువడుతుంది. ఇటువంటి వింతను చూచియే మన పూర్వులు భ్రమరకీటక న్యాయాన్ని చెప్పారు. గూటిలోని కీటకం భ్రమరాన్నే ధ్యానించి, తుదకు భ్రమరంగా మారుతుందని వారి భావన. నేటి జీవశాస్త్రం చెప్పే సంగతి వేరైనా, వింత మాత్రం తగ్గలేదు. తల్లి ముఖమైనా ఎరుగని ఆ పిల్ల కందిరీగ, ఎవరూ నేర్పకుండగనే, తన జాతికి తగిన గూటినే కడుతుంది. ఆ గూడు దాని దేహంలో భాగం కాదు, గోడమీది మట్టి. కాని ఆ శిల్పానికి మూలసూత్రం దాని కణాలలోని జన్యువులలో ఉంది. అట్లయితే జన్యువు యొక్క అధికారం చర్మం దగ్గర ఆగిపోతుందా? లేక ఆ ఎల్లను దాటి వెలుపలి ప్రపంచాన్ని కూడ మలుస్తుందా?

ఈ ప్రశ్న తలెత్తడానికి కావలసిన గణితపు పునాదిని వేసిన మహనీయులలో ఒకరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, ఈ గడ్డపైననే కన్నుమూసిన ఆ శాస్త్రవేత్త జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరంలో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన ప్రసిద్ధ శరీరధర్మశాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులను పరీక్షించడానికి పోవునపుడు ఆయన కుమారుని కూడ వెంటబెట్టుకొని పోయేవారు. ఒకసారి గని లోపల, పైకప్పు దాపున మండువాయువు చేరిన చోట, బాలుని నిలబెట్టి షేక్స్‌పియరు నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పగించమన్నారు. కొంతసేపటికి బాలునికి ఊపిరాడక కాళ్ళు తేలిపోయి కూలబడ్డాడు. నేలపై పడగానే తిరిగి తేరుకొన్నాడు. ఆ వాయువు గాలికంటె తేలిక కనుక నేలవద్ద ఉండదని ఆ విధంగా ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసింది. తన దేహాన్నే ప్రయోగశాలగా చేసుకొనే అలవాటు ఆయనకు అక్కడ అబ్బినదే.

ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయంలో, 1901లో, తండ్రి ఆయనను మెండెల్ సూత్రాలపై జరిగిన ఒక ఉపన్యాసానికి తీసుకొనిపోయారు. ఆ బీజం వృథా పోలేదు. తరువాత తన చెల్లెలు నయోమితో కలిసి ఇంటి పెరటిలో గినీ పందులను పెంచి, వాటి సంతతిలో రంగులు ఏ విధంగా సంక్రమిస్తున్నవో లెక్కలు వ్రాసుకొన్నారు. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలోను చదివి, గణితంలోను, గ్రీకు లాటిన్ సాహిత్యాలలోను, తత్త్వశాస్త్రంలోను పట్టా పొందారు. విజ్ఞానశాస్త్రంలో మాత్రం ఆయనకు ఏ పట్టమూ లేదు. ఇరవయ్యవ శతాబ్దపు జన్యుశాస్త్రానికి మూలస్తంభమైన వ్యక్తి ఆ శాస్త్రంలో పరీక్ష ఇచ్చినవాడు కాడన్న సంగతి మన విద్యార్థులు గమనింపదగినది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన బ్లాక్ వాచ్ అనే స్కాట్లండు పటాలంలో చేరి, ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను గాయపడ్డారు. ఎలుకలలో రెండు జన్యువులు జంటగా సంక్రమిస్తాయని నిరూపించే వ్యాసం 1915లో వెలువడింది. క్షీరదాలలో ఈ విషయాన్ని చూపిన మొదటి వ్యాసమదే. అందులో ఆయనకు సహచరుడైన స్ప్రంట్ అనే యువకుడు అప్పటికే యుద్ధంలో అసువులు బాశాడు. గాయాలు మానడానికి హాల్డేనును భారతదేశానికి పంపారు. ఈ దేశంతో ఆయన పరిచయం ఆ విధంగా ఆరంభమైంది.

యుద్ధానంతరం కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రోపన్యాసకునిగా చేరారు. 1924 మొదలు పదేండ్లపాటు ప్రకృతి వరణాన్ని గణిత సమీకరణాలలో నిలిపే వ్యాసాలను వరుసగా ప్రకటించారు. మాంచెస్టరు ప్రాంతంలో ఒకానొక చిమ్మట జాతిలో నల్లని రకం 1848లో మొదట కానవచ్చింది. కర్మాగారాల పొగతో చెట్లు నల్లబారిన కొలది, ఆ శతాబ్దాంతానికి నల్లని రకమే దాదాపు అంతటా నిండిపోయింది. ఇంత స్వల్పకాలంలో ఈ మార్పు జరగవలెనంటే, తెల్లనివి రెండు బ్రతికి పిల్లలను కనేచోట నల్లనివి మూడు బ్రతికి ఉండవలెనని హాల్డేన్ లెక్కగట్టారు. ప్రకృతి వరణం ఇంత బలంగా పనిచేస్తుందని అంతకు ముందు ఊహించినవారు తక్కువ. 1932లో వెలువడిన ఆయన గ్రంథం పరిణామ కారణాలను గూర్చి ఈనాటికీ చదువదగినది. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. మరుసటి యేడు లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యులైనారు.

ఇక జన్యువు దేహపు ఎల్ల దాటే విషయానికి వద్దాము. 1955లో ఒక వ్యాసంలో హాల్డేన్ ఒక చమత్కారమైన లెక్క వేశారు. ఏటిలో కొట్టుకొనిపోతున్న బిడ్డను రక్షించడానికి దూకేటట్లు మనిషిని ప్రేరేపించే జన్యువు ఒకటి ఉన్నదనుకొందాము. దూకినవాడు మునిగిపోవడం పదింట ఒక పర్యాయం జరుగుతుందనుకొందాము. ఆ బిడ్డ తన బిడ్డయో, తోబుట్టువో అయితే, పోయే ఒక్క జన్యువుకు బదులు అటువంటివి ఐదు మిగులుతాయి. మనుమడో, మేనల్లుడో అయితే రెండున్నర మాత్రమే. దూరపు బంధువైన కొలది లాభం క్షీణిస్తుంది. అనగా ఒక దేహంలోని జన్యువు మరొక దేహపు బ్రతుకుపై ప్రభావం చూపగలదు. ఈ లెక్క చెప్పి ఊరుకొనక, తాను మునిగిపోతున్నవారిని రెండు పర్యాయాలు ఒడ్డుకు లాగినపుడు ఇటువంటి గణితానికి వ్యవధి లేకపోయిందని కూడ ఆయన నవ్వుతూ జోడించారు.

అంతకు ముందే, 1949లో, మధ్యధరా ప్రాంతంలో థలసీమియా అనే రక్తవ్యాధి జన్యువు ఏల నశించలేదన్న ప్రశ్నకు ఆయన సమాధానం సూచించారు. ఒక్క తల్లి నుండియో, ఒక్క తండ్రి నుండియో ఆ జన్యువును పొందినవారు మలేరియాను ఎక్కువగా తట్టుకొంటారేమోనని ఆయన ఊహ. అటువంటిదే అయిన కొడవలి కణాల వ్యాధి విషయంలో 1954లో ఆలిసన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని నిరూపించాడు. జన్యువును ఒంటరిగా చూడరాదనీ, దాని చుట్టూ ఉన్న లోకంతో కలిపి చూడవలెననీ ఈ పరిశోధన నేర్పుతుంది.

హాల్డేన్ జీవితంలో మచ్చలు లేకపోలేదు. 1942లో ఆయన బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరారు. సోవియట్ దేశంలో లైసెంకో అనే వాని మాట రాజ్యమేలి, జన్యుశాస్త్రాన్నే నిషేధించిన కాలంలో, వవిలోవ్ వంటి మహావిజ్ఞాని 1943లో కారాగారంలో మరణించాడు. సత్యమేమిటో స్పష్టంగా తెలిసిన హాల్డేన్ గొంతెత్తడంలో ఆలస్యం చేశారు. తుదకు పార్టీనుండి తొలగిపోయినా, ఆ జాప్యం ఆయన కీర్తికి కొరతయే. పక్షాభిమానం ఎంతటి మేధావి కన్నునైనా కప్పగలదని తెలియడానికి ఈ సంగతిని దాచక చెప్పుకోవడమే మేలు. ఆయన ధైర్యం మాత్రం మరొకచోట ప్రకాశించింది. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినపుడు, ఆ మరణాల కారణం తెలిసికొనడానికి ఆయన తన సహచరులతో ఉక్కుగదిలో తలుపులు మూయించుకొని, చెడుగాలిని పీల్చి చూచారు.

1957లో, అరువది నాలుగేండ్ల వయస్సులో, ఆయన స్వదేశాన్ని విడిచి భారతదేశానికి వచ్చారు. సూయజ్ కాలువ విషయమై ఈజిప్టుపై బ్రిటన్ జరిపిన దాడిని నిరసించడం అందుకొక కారణం. ఆచార్య మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరారు. ధోవతి, కుర్తా ధరించారు. మాంసాహారం మానారు. 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు.

ఇక్కడ ఆయన శిష్యులకు నేర్పిన పద్ధతి ఖర్చులేనిది. విలువైన యంత్రాలు లేవని విచారింపక, కన్నులు తెరచి లెక్కించమన్నారు. పిఠాపురమునుండి వచ్చిన ద్రోణంరాజు కృష్ణారావుగారు, లంటానా పొదల వద్ద నిలిచి ఏ రంగు పూవుపై ఏ సీతాకోకచిలుక వాలుతున్నదో లెక్కించారు. కొన్ని జాతులు గులాబి రంగు పూలకు, మరికొన్ని నారింజ రంగు పూలకు ప్రాధాన్యమిస్తున్నట్లు 1960లో ప్రకటించారు. పూవులోని జన్యువు సీతాకోకచిలుక దారిని నిర్ణయిస్తున్నదన్నమాట. ఆయనే పి. మీరాఖాన్‌గారితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికపు వివాహాల వ్యాప్తిని, వాటి ఫలితాలను పరిశీలించి వ్యాసాలు వెలువరించారు. ఆ పరిశోధన ఎవరి ఆచారాన్నీ నిందించలేదు. లెక్కను మాత్రం దాచలేదు. హాల్డేన్ సతీమణి, జీవశాస్త్రజ్ఞురాలు హెలెన్ స్పర్వే, కృష్ణారావుగారు, సురేశ్ జయకర్ – ఈ ముగ్గురూ కలిసి మన ఇండ్లలో కనిపించే మట్టి కందిరీగ గూటినొకదానిని ఓపికగా గమనించి 1964లో సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. వ్యాసారంభంలో మనం చూచిన గూడదే.

ఆ గూటి అంతరార్థాన్ని పూర్తిగా విప్పినది తరువాతి తరం. 1982లో రిచర్డ్ డాకిన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక గ్రంథం వ్రాసి, సాలెగూడు, బీవరు కట్టే ఆనకట్ట, నీటిపురుగు ఇసుకరేణువులతో అల్లుకొనే తొడుగు – ఇవన్నీ ఆయా ప్రాణుల జన్యువులకు కన్నువలె, కాలివలె లక్షణాలేనని వాదించాడు. దీనిని విస్తృత దృశ్యరూపమని మనం పిలువవచ్చును. పరాన్నజీవి తన ఆతిథేయి నడవడిని మార్చివేయడం కూడ ఆ కోవలోనిదే. 2013లో అమెరికాలో రెండు జాతుల ఎలుకలను సంకరం చేసి, అవి త్రవ్వే బొరియలను కొలిచారు. ప్రవేశమార్గపు పొడవుకు సంబంధించి మూడు జన్యుస్థానాలు, తప్పించుకొనే రహస్యమార్గానికి ఒకటి ఉన్నట్లు తేలింది. మట్టిలోని ఖాళీ స్థలం కూడ వారసత్వంగా వస్తుందన్నమాట! ఎలుకలతో పరిశోధన ఆరంభించిన హాల్డేన్ దీనిని చూచి ఉంటే ఎంత సంతోషించేవారో!

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జన్యువు గూటికి నమూనా ఇస్తుందే కాని, మట్టిని ఇవ్వదు. తడి మట్టి దొరకనిచోట ఏ కందిరీగా గూడు కట్టలేదు. మనుష్యుని విషయంలో భాష, చదువు, న్యాయం, సంస్కారం ఆ మట్టి వంటివి. కొన్ని జాతులు పుట్టుకచేతనే అధమములని వాదించినవారిని ఎదుర్కొంటూ, 1938లోనే హాల్డేన్ ఒక గ్రంథం వ్రాశారు. వంశం పేరిట ఎవరి తలుపునూ మూయడానికి జన్యుశాస్త్రం సాక్ష్యం చెప్పదని దాని సారాంశం.

1962లో ఆయన భువనేశ్వరానికి మారి, ఒరిస్సా ప్రభుత్వ సహాయంతో జన్యుశాస్త్ర జీవగణితశాస్త్ర ప్రయోగశాలను స్థాపించారు. రెండేండ్లయినా గడువకముందే క్యాన్సరు బయటపడింది. శస్త్రచికిత్స జరిగింది. ఆ వ్యాధిపైనే ఒక హాస్యకవిత వ్రాసి, జబ్బును దాచక వైద్యునివద్దకు త్వరగా పొమ్మని లోకానికి బోధించారు. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరంలో దివంగతులైనారు.

ఆయనకు కన్నబిడ్డలు లేరు. ఆయన జన్యువులు ఆయనతోనే ముగిసినవి. దేహాన్ని మాత్రం ఆయన అగ్నికి గాని, భూమికి గాని ఇవ్వలేదు. ఆయన కోరిక ప్రకారం ఆ దేహాన్ని మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు, విద్యార్థుల అధ్యయనార్థం చేర్చారు. బాల్యంలో గనిలో విషవాయువును పీల్చిన దేహం, ఉక్కుగదిలో బంధింపబడిన దేహం, తుదకు తెలుగు విద్యార్థుల ముందు పాఠ్యగ్రంథమైంది. స్పర్వేగారు తరువాత హైదరాబాదులో నివసించి 1978లో అక్కడనే కాలధర్మం చెందారు.

సోదర విద్యార్థులారా! కందిరీగ తన దేహపు ఎల్లను దాటి గోడమీద గూడు విడిచిపోతుంది. దానికి మరొక నమూనా తెలియదు. మనిషికి తాను విడిచిపోయేదానిని ఎన్నుకొనే స్వాతంత్ర్యం కొంత ఉన్నది. హాల్డేన్ ఎన్నుకొన్నది జ్ఞానం. ఇంటి గోడపై ఈసారి మట్టిగూడు కనిపించినపుడు దానిని రాల్చివేయకముందు ఒక్క ఘడియ నిలిచి చూడండి. ఎన్ని గదులున్నవో లెక్కించండి. ఆయన పాఠం అక్కడనే మొదలవుతుంది.