రామానుజం తపస్సు, హార్డీ గురుత్వం

మనస్సు ఒక్క పనిలో పూర్తిగా లీనమైనప్పుడు మనిషికి ఆకలి తెలియదు, ప్రొద్దు తెలియదు, తానున్న చోటు సైతం గుర్తుండదు. ఈ స్థితిని మన పెద్దలు తాదాత్మ్యమన్నారు. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1975లో వెలువడిన గ్రంథంలో దీనినే ప్రవాహంగా వర్ణించినాడు. పనిలోని కష్టమూ, చేసేవాని నేర్పూ సరితూగినప్పుడు ఇది కలుగుతుందని ఆయన సిద్ధాంతం. ఇటువంటి స్థితి సహజంగా అబ్బిన శిష్యునికి గురువు ఏమి నేర్పవలె? ఏది నేర్పక ఊరకుండవలె? శ్రీనివాస రామానుజం జీవితంలో ఈ ప్రశ్న రెండుసార్లు ఎదురైనది.

రామానుజం 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడ్డులో మాతామహుల యింట జన్మించినాడు, పెరిగినది కుంభకోణంలో. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. సుమారు పదునారవ యేట అతనికి ఒక గణిత సంగ్రహం చిక్కినది. దానిని కూర్చిన కార్ అనే ఆంగ్లేయుడు విద్యార్థులను పరీక్షలకు తయారుచేసిన ప్రైవేటు ఉపాధ్యాయుడు. అందులో వేలకొలది సూత్రాలున్నవి. ఉపపత్తులు మాత్రం స్వల్పం. ఆ లోపమే రామానుజానికి వరమైనది. ప్రతి సూత్రమూ ఒక సవాలై నిలిచినది. ఒకటి సాధించగానే తరువాతిది పిలిచేది. పుస్తకంలో ఉన్నవి దాటి, లేనివి పుట్టసాగినవి.

కాని కళాశాల ఈ తన్మయత్వాన్ని సహించలేదు. 1904లో విద్యార్థి వేతనంతో కుంభకోణం కళాశాలలో చేరిన రామానుజం గణితం తప్ప వేరొకటి చదువలేదు. ఇంగ్లీషులో తప్పినందున వేతనం పోయినది. 1905లో ఇంట చెప్పకుండా రైలెక్కి విశాఖపట్టణం చేరినాడు. పిమ్మట మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. అతని ఏకాగ్రతకు దారి చూపే గురువు అప్పటికి ఎవరూ లేకపోయిరి.

1909లో జానకితో వివాహమైనది. ఉద్యోగం లేదు, కాగితాలు కొనే స్తోమత లేదు. పలకమీద లెక్క చేయడం, మోచేతితో తుడవడం, ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించడం అతని అలవాటు. 1910లో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు ఆ పుస్తకాలు చూచి నెలకు 25 రూపాయలు ఇవ్వసాగినాడు. 1912 మార్చిలో మద్రాసు హార్బరు కార్యాలయంలో 30 రూపాయల గుమాస్తా పని దొరికినది.

1913 జనవరి 16న రామానుజం కేంబ్రిడ్జిలోని హార్డీకి జాబు వ్రాసినాడు. అందులో ఎన్నో సూత్రాలున్నవి; నిరూపణలు లేవు. హార్డీ తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి వాటిని పరీక్షించి, ఇది మహామేధావి పని అని నిశ్చయించినాడు. 1914 ఏప్రిల్‌లో రామానుజం ఇంగ్లండు చేరినాడు.

అప్పుడే గురువుకు అసలు పరీక్ష వచ్చినది. శిష్యునికి తెలిసినది ఎంత అపూర్వమో, తెలియనిదీ అంత ఆశ్చర్యకరం. ఆధునిక గణితంలో నిరూపణ అంటే ఏమిటో అతనికి స్పష్టంగా తెలియదు. అందువల్లనే ప్రధాన సంఖ్యల విషయంలో అతని నిర్ణయాలు కొన్ని తప్పినవి. నేర్పకపోతే ఆ పొరపాట్లు నిలుస్తవి. మొదటినుంచి క్రమంగా నేర్పబోతే ఆ ప్రతిభకు తపోభంగం కావచ్చు. లిటిల్‌వుడ్ నేర్పడానికి పూనుకొన్నాడు. కాని ఆయన ఒక విషయం ఎత్తగానే శిష్యుని నోట కొత్త ఊహలు వెల్లువలై వచ్చేవి. పాఠం మొదటనే నిలిచిపోయేది.

హార్డీ మధ్యేమార్గం అవలంబించినాడు. పాఠ్యక్రమం పెట్టలేదు, పరీక్షలు పెట్టలేదు. రామానుజం దినదినమూ తెచ్చే కొత్త సూత్రాలనే పాఠంగా స్వీకరించి, ఎక్కడ నిరూపణ చాలలేదో అక్కడే, కావలసినంత మేరకే నేర్పినాడు. ఆ సహవాసంలో తానే ఎక్కువ నేర్చుకొన్నానని తరువాత ఒప్పుకొన్నాడు.

దీని ఫలం సంఖ్యల విభజన సమస్యలో కనబడుతుంది. 4ను ధనపూర్ణాంకాల మొత్తంగా 5 విధాల వ్రాయవచ్చు. 200ను ఎన్ని విధాల వ్రాయవచ్చును? మేక్‌మహన్ అనే గణితవేత్త చేతిలెక్కతో పట్టిక వేసి 39,72,99,90,29,388 అని తేల్చినాడు. గురుశిష్యులు సాధించిన సూత్రం సరిగా అక్కడికే చేర్చినది. ఒకరి స్ఫురణ, మరొకరి నిరూపణ కలియకుంటే ఆ సూత్రం పుట్టేది కాదు. 1918లో రామానుజం రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. అదే యేడు ట్రినిటీ కళాశాల ఫెలో అయినాడు.

ఇంత జాగ్రత్తలోనూ ఒక లోటు మిగిలినది. రామానుజం శాకాహారి, వంట తానే చేసుకొనేవాడు. లెక్కలో మునిగితే తిండికీ నిద్రకూ వేళ ఉండేది కాదు. యుద్ధకాలంలో కూరలు దొరకడం కష్టమైనది, చలి సరిపడలేదు. అతని గణితాన్ని కనిపెట్టినంత శ్రద్ధగా అతని దేహాన్ని కనిపెట్టినవారు లేరు. 1917లో జబ్బు పడిన మనిషి మరల పూర్తిగా కోలుకొనలేదు. 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూసినాడు. అప్పటికి వయస్సు 32.

మంచమెక్కినా పలక వదలలేదు. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన జాబులో పూర్తిగా కొత్తవైన ప్రమేయాలను ప్రస్తావించినాడు. ఆ చివరి యేటి లెక్కల కాగితాలు 1976లో ట్రినిటీ గ్రంథాలయంలో జార్జ్ ఆండ్రూస్ కంటబడినవి. గణితజ్ఞులు వాటిని వివరించడానికి దశాబ్దాలు పట్టినది.

తరగతిలో పిలిచినా పలుకక, ఒకే లెక్కమీద వంగి కూర్చున్న పిల్లవాడు ఏ పాఠశాలలోనైనా కనబడవచ్చు. కుంభకోణం కళాశాల అటువంటివానిని పరీక్షతో కొలిచి పంపివేసినది. హార్డీ అతని ప్రక్కన కూర్చుని, అతడు చేస్తున్న లెక్కనే చూచినాడు. ఆ పిల్లవాడు అన్నం తిన్నాడా అని కూడ అడిగితే గురుత్వం సంపూర్ణమవుతుంది.