ఆయిలర్ మహాశయుడు – ఋణ సంఖ్యల ఘాతములు

బంజారా హిల్స్ గుట్టమీది మన కంప్యూటరు ప్రయోగశాలలో ఒక విద్యార్థి ఎక్స్‌కు 1/3 ఘాతాంకము నిచ్చి, ఆ ప్రమేయమునకు గ్రాఫు గీయించెను. తెరపై కుడి సగము మాత్రమే వచ్చినది. ఎడమ సగము శూన్యము. ఋణ 8కి ఘనమూలము ఋణ 2 అని బడిలోనే నేర్చిన ఆ అబ్బాయి యంత్రము చెడినదని మాతో మొరపెట్టుకొనెను. యంత్రము చెడలేదు. అది లియొనార్డ్ ఆయిలర్ మహాశయుడు వేసిన బాటనే నడచినది. అందుచేత ఆ మహనీయుని జీవితమును ఈ సంచికలో మన విద్యార్థులకు పరిచయము చేయుట ఉచితమని తలంచితిమి.

ఈ చిక్కు ప్రాచీనమైనది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున, ఋణసంఖ్య స్వభావముచేతనే వర్గము కాదు గనుక దానికి వర్గమూలము లేదని నిర్ణయించెను. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథమును తెనిగించెను. మన ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమైన జబ్ర్ అను మాట బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథమునుండి వచ్చినది; ఆయనయు సమీకరణములకు ఋణమూలములను అంగీకరింపలేదు. 16వ శతాబ్దిలో ఇటలీ గణకులు ఆ తలుపును కొంచెము తెరచిరి. లోనికి పోయి దీపము పెట్టినవాడు ఆయిలర్.

ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున ఒక క్రైస్తవ మతాచార్యుని కుమారుడై జన్మించెను. పదమూడవ ఏట విశ్వవిద్యాలయమున చేరెను. ఆనాటి మేటి గణితజ్ఞుడు యోహాన్ బెర్నూలీ ప్రతి శనివారము ఆ బాలుని సందేహములు తీర్చెడివాడు. 1727లో ఆయిలర్ రష్యాకు పోయి సెంట్ పీటర్స్‌బర్గు అకాడమీలో చేరెను. 1741లో ఫ్రెడరిక్ రాజు పిలుపుపై బెర్లినుకు మారెను. పదముగ్గురు సంతానములో అయిదుగురే పెరిగి పెద్దవారైరి. 1738 ప్రాంతముననే కుడికంటి చూపు పోయినది.

బెర్లినులో ఆయనకు ఒక విషమ పరీక్ష ఎదురైనది. ఋణ 1కి సంవర్గమానమెంత? గురువగు బెర్నూలీ అది సున్న యనెను. ఋణ 1ని వర్గము చేసినచో 1 వచ్చును. 1కి సంవర్గమానము సున్న. కాబట్టి దానిలో సగమును సున్నయే. జర్మనీ పండితుడు లైబ్నిజ్ అట్టి సంవర్గమానము వాస్తవ సంఖ్య కానేరదని వాదించెను. వారిరువురి లేఖలు 1745లో అచ్చయినవి. శిష్యుడు గురువు పక్షము వహించునని లోక మనుకొనును. ఆయిలర్ అట్లు చేయలేదు. లైబ్నిజ్ చెప్పిన కారణములను సైతము చాలవనెను. ఒక సంఖ్యకు సంవర్గమానము ఒకటి కాదు, అనంతము! ఋణ 1కి పై యొక్క బేసి గుణిజములు కల్పిత సంఖ్యలుగా వచ్చును. వానిని రెట్టింపు చేసినచో 1 యొక్క సంవర్గమానములలో ఒకటి వచ్చును గాని, సున్నయే రావలెనన్న నియమము లేదు. బెర్నూలీ 1748 జనవరి 1న గతించెను. ఆయిలర్ వ్యాసము 1751లో వెలువడెను. మిత్రుడగు దలాంబేరు అప్పటికిని సమ్మతింపలేదు.

ఇక మన విద్యార్థి గ్రాఫునకు వత్తము. సంఖ్యకు 1/3 ఘాతము కావలెనన్న దాని సంవర్గమానమును మూడుచే భాగింపవలెను. అట్లు చేయగా అనంతమైన విలువలు మూడింటికి కుదించుకొనిపోవును. ఋణ 8కి అవి 2 పొడవు గల మూడు గీతలు – 60, 180, 300 డిగ్రీల దిశలలో. 180 దిశలోనిదే మన ఋణ 2. యంత్రము మొదటిదైన 60 డిగ్రీల విలువను ప్రధాన విలువగా గ్రహించును. అది సంకీర్ణ సంఖ్య గనుక కాగితముపై దానికి చోటు లేదు. ఎక్స్ అక్షమునకు లంబముగా ఒక తలమును నిలిపినచో ఎడమవైపున మూడు రెక్కలును, కుడివైపున 0, 120, 240 దిశలలో మరి మూడును కనిపించును. ఆ అబ్బాయి చేత ఇనుప తీగలను వంచించి చూపితిమి. ఘాతాంకము 2 యొక్క వర్గమూలమైనచో రెక్కలకు అంతే లేదు; తీగ చాలదు! ఈ తలము బొమ్మను ఆయిలర్ వేసి యీయలేదు. దానిని డెన్మార్కుకు చెందిన వెసెల్ 1797లోను, పారిస్‌లో ఆర్గాండ్ 1806లోను చూపిరి. కల్పిత సంఖ్యకు కల్పిత ఘాతము వాస్తవ సంఖ్య కాగలదని, దాని ఒక విలువ సుమారు 0.2079 అని ఆయిలర్ 1746లో గోల్డ్‌బాక్‌కు వ్రాసి యుండెను.

మన పొరుగున ఫిలింనగరులో సినిమా బొమ్మలను కంప్యూటరులో త్రిప్పువారు నేటికిని ఆయిలర్ కోణములను వాడుచున్నారు. ఆ పేరెవరిదో ఎందరికి తెలియునో!

1766లో ఆయన మరల పీటర్స్‌బర్గు చేరెను. రెండవ కంట శుక్లము పొర కమ్మినది. 1771లో శస్త్రచికిత్స జరిగినను చూపు నిలువలేదు. ఆ సంవత్సరమే ఇల్లు తగులబడగా, పీటర్ గ్రిమ్ అను బాసెల్ వాసి మంటలలో దూరి ఆయనను మోసికొని వచ్చెను. చూపు క్షీణించుచుండగనే బీజగణిత గ్రంథమును ఒక సామాన్య సేవకునికి చెప్పి వ్రాయించెను. అది జర్మను భాషలో 1770లో అచ్చయ్యెను. అందు ఋణ సంఖ్యల వర్గమూలములను గుణించుచోట ఆయన తప్పినాడని కొందరు, రెండు గుర్తులను ఉద్దేశించినాడని కొందరు వాదింతురు. మేము రెండవ పక్షమువారము. కన్నులు పోయిన పిదప, పుత్రులును శిష్యులును వ్రాయుచుండగా, ఆయన తన జీవిత కృషిలో దాదాపు సగభాగమును వెలువరించెను.

1783 సెప్టెంబరు 18న ఉదయము మనుమనికి పాఠము చెప్పెను. ఆకాశమున కెగయు బెలూను వేగమును పలకపై లెక్కించెను. క్రొత్తగా కనుగొనబడిన యురేనస్ గ్రహమార్గమును గూర్చి మిత్రులతో ముచ్చటించెను. సాయంకాలము స్పృహ తప్పి, రాత్రి కన్నుమూసెను. మిగిలిన వ్యాసములను అచ్చువేయుటకు పీటర్స్‌బర్గు అకాడమీకి అనేక దశాబ్దములు పట్టినది.