వర్తకాభివృద్ధిక్రమము: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రము

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు బెల్లపు మండీలు, మామిడికాయల బేరము, కొండకు వచ్చు యాత్రికుల నాశ్రయించిన చిన్న యంగళ్లు ఆధారముగా జీవించు కుటుంబములు పెక్కు గలవు. వర్తకమును పెంచవలెనను కోరిక అందఱికిని గలదు. ఏది ముందు, ఏది వెనుక యను క్రమము నెఱిగినవారు కొలదిమంది. ఆ క్రమము దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితమున స్పష్టముగా గానవచ్చును. వారి దేశసేవను, భాషాసేవను ఎల్లరు నెఱుగుదురు. ఆ సేవలకు ధన మెచ్చటినుండి వచ్చెనో విచారించువారు అరుదు.

పంతులుగారు 1867వ సంవత్సరమున కృష్ణామండలమందలి ఎలకుఱ్ఱు గ్రామమున జన్మించిరి. బందరులో చదివి, పిదప చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టము బడసిరి. అనంతరము వర్తకపు త్రోవ బట్టి, చెన్నపురియందును, కలకత్తాయందును కొంతకాలము మెలగి, బొంబాయి చేరి, విలియం అండ్ కంపెనీ యను సంస్థలో ఉద్యోగించిరి. పరుల కొట్టులో మెలకువలు నేర్చి, అటుపిమ్మట స్వంతమునకు దిగుట వారి మొదటి వివేకము. నేడు మన యువకులు దీనిని తలక్రిందులు చేయుచున్నారు.

1893వ సంవత్సరమున, ఇరువదియాఱేండ్ల ప్రాయమున, అమృతాంజనమను నొప్పుల లేపనమును బొంబాయిలో వెలయించిరి. అంజన మనగా లోకమునకు కంటికాటుక. కాని అంజధాతువునకు పూయుట యను అర్థమును గలదు గనుక వ్యాకరణమున దోషము లేదు. సంస్కృతము చెప్పిన పంతులనగుటచే ఈ మాట వ్రాయక యుండలేకపోతిని. వ్యాపారదృష్టితో జూచినను ఆ పేరు చక్కనిదే. గుజరాతీవానికి, వంగీయునకు, తమిళునకు, తెలుగువానికి సమానముగా తెలియు శబ్దమది. వస్తువు ఒక్క రాష్ట్రము దాటి పోవలెనన్నచో పేరును దాటవలెను గదా.

సరకు కొత్తది, కొనువా రెవ్వరు? పంతులుగారు సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. గంటల తరబడి కూర్చుండి తల బరువెక్కిన శ్రోతకు ఒక్క పూత చాలును. చల్లదనము తక్షణమే తెలియును, వాసన పక్కవానికిని సోకును. మన అంగళ్లలో పిడికెడు సరకు రుచి చూపుటకు వెనుదీయువారు గలరు. వారు అచ్చుకూలికి, గోడవ్రాతలకు పోయు ధనమును మాత్రము లెక్కింపరు.

రెండవ ప్రయత్నమునకు వారెన్నడు చేయిపెట్టిరి? పదునైదేండ్లకు. 1907లో సూరతు కాంగ్రెసుకు పోయి వచ్చిన పిమ్మట, 1908వ సంవత్సరమున బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. మొదట వారమున కొక్కసారి, అదియు తా మున్నచోటనే. ఆఱేండ్లు నడపిన పిదప, పాఠకు లెక్కువగా నున్న చెన్నరాజధానికి తరలించి, 1914 ఏప్రిలు 1వ తేదీన దినపత్రికగా మార్చిరి. నాలుగు నెలలకే ఐరోపా మహాయుద్ధ మారంభమయ్యెను.

ఈ ఘట్టమే మిక్కిలి విచారింపదగినది. లేపనము నిలువయుండును, నిన్నటి పత్రిక నేటికి చిత్తుకాగితము. ఒకదాని లాభమును మఱొకదానికి ధారపోయువా రెందఱో రెంటిని పోగొట్టుకొనిరి. పంతులుగా రట్లు పోగొట్టుకొనకుండుటకు కారణము సాహసము కాదనియు, ఆ పదునైదేండ్ల ఓర్పేననియు నా యభిప్రాయము. మొదటి చెట్టు వేరూనినదని నిశ్చయమైన తరువాతనే దాని నీడలో రెండవది నాటిరి. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల ఈ వరుసలోనివే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞానసర్వస్వమును కొనసాగించుటయు నట్టిదే. విశ్వదాత యని లోకము వారిని కీర్తించెను. ఆ దానమును జూచి, మూలధనమునుండియే చందాలిచ్చు చిన్నవర్తకుడు మాత్రము వారి మార్గమును సగమే యెఱిగినవాడు.

ఉప్పుసత్యాగ్రహకాలమున పంతులుగారు కారాగారవాస మనుభవించి, అందు భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. యజమాని చెఱలో నున్నను అమృతాంజనపు వర్తకము మూతపడలేదు. కొట్టు యజమాని లేకయు నడచునా యను ప్రశ్న మనలో పలువురు తమ్ముతా మడుగుకొనుటకే జంకుదురు. 1936లో, అఱువదితొమ్మిదవ యేట, ఆ వర్తకము వాటాదారుల పరిమిత కంపెనీగా మాఱెను. స్వంత పేరున నున్నంతవఱకు యజమాని ఆయువే కొట్టునకును ఆయువు.

మన సీమవారికి వారితో వేఱొక సంబంధము గలదు. 1937 నవంబరు 16వ తేదీన మైలాపూరులోని వారి శ్రీబాగు గృహముననే రాయలసీమ నాయకులకును, సర్కారుజిల్లాల నాయకులకును ఒడంబడిక కుదిరెను. విశ్వవిద్యాలయకేంద్రమును, నీటిపారుదలను, రాజధాని లేక హైకోర్టును గూర్చి సీమవారికి హామీలు లభించెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు రాజధానియగుట ఆ ఒడంబడిక ఫలమే. మఱుసటి యేడు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను.

ఒడంబడిక జరిగిన అయిదు నెలలు నిండకయే, 1938 ఏప్రిలు 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి. సంస్థల భారమును అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు వహించిరి. ఆంధ్రపత్రికయు, భారతియు 1991లో నిలిచిపోయినవి. అమృతాంజనపు కంపెనీ నేటికిని నడచుచున్నది. ఆ పసుపుపచ్చని లేపనపు సీసా తిరుపతి అంగళ్లలో అడిగినవారికి దొరకును.