చిన్న గేరు చిన్నతనం కాదు

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాన్న కొడుకు మాచర్ల నుంచి నరసరావుపేట మా ఇంటికొచ్చాడు. పదహారేళ్ళు వాడికి. సెకండ్ హ్యాండ్‌లో ఒక రోడ్ బైక్ కొనుక్కున్నాడు, రేసులకి వెళ్ళాలని ఆశ. పొద్దున్నే ఇద్దరం కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుదామని బయల్దేరాం. నాది ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్న గేర్ సైకిల్. ఘాట్ మొదలవగానే ముందున్న రెండు పళ్ళచక్రాల్లో చిన్నదాని మీదకి చైన్ మార్చాలి. వాడు మార్చలేదు. వాడు మార్చలేదని నేనూ మార్చలేదు, అన్నని కదా! సగం దారిలో ఇద్దరం దిగి నెట్టుకుంటూ పోయాం. ఇంటికొచ్చాక వాడు మోకాలు పట్టుకుని కూర్చున్నాడు, మూడు రోజులు మెట్లెక్కలేకపోయాడు. మెకానికల్ చదువుతూ గేర్ రేషియో లెక్కలు పరీక్షల్లో గబగబా రాసేసే నాకు మహా సిగ్గేసింది.

ఆ మూడు రోజుల్లో వాడికి నేను చెప్పిన కథే ఇది. పాల్ ద వివీ అనే ఫ్రెంచాయన కథ. సైకిల్ ప్రపంచం ఆయన్ని వెలోసియో అనే కలం పేరుతోనే గుర్తుపెట్టుకుంది.

ఆయన 1853లో దక్షిణ ఫ్రాన్స్‌లో పుట్టాడు. సెయింట్ ఎటియెన్ అనే ఊళ్ళో పట్టు వ్యాపారం చేసేవాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా సైకిల్ ముట్టుకోలేదు. మొదట కొన్నది ముందు చక్రం మనిషంత ఎత్తుండే పాతకాలపు సైకిల్. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే, 1887లో సైకిల్ షాపు తెరిచాడు. అదే ఏడాది సైకిళ్ళ మీద ఒక పత్రిక కూడా మొదలుపెట్టాడు. పట్టు వ్యాపారానికి దండం పెట్టేశాడు. తర్వాత గోలువాజ్ అనే పేరుతో సొంత సైకిల్ తయారుచేశాడు. దానికి ఒకటే గేరు.

సెయింట్ ఎటియెన్ దాటగానే ఒక కొండదారి ఉంది. దాని పైభాగం సుమారు 1160 మీటర్ల ఎత్తు. ఒకరోజు వెలోసియో తన సైకిల్ మీద చెమటలు కక్కుతూ ఎక్కుతుంటే, ఒక కుర్రాడు నోట్లో పైపు పెట్టుకుని పొగ వదులుతూ తాపీగా ఆయన్ని దాటి వెళ్ళిపోయాడట. మన పల్నాడు వాడైతే పౌరుషానికి పోయి ఇంకా గట్టిగా తొక్కి ఉండేవాడు. ఆయన మాత్రం ఇంటికెళ్ళి ఆలోచించాడు. కుర్రాడి బలం తనకి రాదు, కానీ ఉన్న బలానికి తగ్గట్టు సైకిల్‌ని మార్చొచ్చు కదా అని. ముందు రెండు సైజుల పళ్ళచక్రాలు పెట్టాడు. కొండ వచ్చినప్పుడు దిగి, చేత్తో చైన్ మార్చుకునేవాడు. అక్కడి నుంచి బతికినంతకాలం గేర్ల మీదే ప్రయోగాలు చేశాడు, వాటి గురించే రాశాడు.

జనం నవ్వారు. గేర్లు ముసలివాళ్ళకీ ఆడవాళ్ళకీ అన్నారు. 1902లో కొండదారుల్లో ఒక పరీక్ష జరిగింది. ఒకే గేరు సైకిల్ మీద ఛాంపియన్ జాక్వెలిన్, మూడు గేర్ల గోలువాజ్ మీద మార్త్ హెస్ అనే అమ్మాయి. గెలిచింది అమ్మాయి. అయినా సరే, మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకే గానీ కండబలం ఉన్నవాళ్ళకి కాదని వాదించాడు. తమాషా ఏంటంటే, 1903లో మొట్టమొదటి టూర్ ఎక్కించిన కొండదారి వెలోసియోని కుర్రాడు దాటేసిన ఆ దారే! రేసర్లు దాన్ని గేర్లు లేకుండానే ఎక్కారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి రేసర్లు కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవాళ్ళు. గేరు మార్చే డిరైలర్‌ని టూర్‌లో అనుమతించింది 1937లో.

అది చూడ్డానికి వెలోసియో లేడు. 1930 ఫిబ్రవరిలో, 76 ఏళ్ళ వయసులో, తన ఊళ్ళోనే ట్రామ్ ఢీకొని చనిపోయాడు. ఆయన పేరు మీద ఇప్పటికీ ఆ కొండ ఎక్కుతారు సైకిలిస్టులు.

ఇంతవరకూ విన్న మా తమ్ముడు, అదంతా సరే అన్నా, నేను ఏ గేరు వాడాలి అన్నాడు. కాగితం తీశాను. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే, పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ ఎంత దూరం పోతుందో వస్తుంది. వాడి చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. ముందు 52, వెనక 12 అయితే 9.1 మీటర్లు. ముందు 34, వెనక 28 అయితే 2.55 మీటర్లే. ఈ రెండో గేరులో నిమిషానికి 80 చుట్లు తిప్పినా గంటకి 12 కిలోమీటర్లు పోతాం. ఘాట్ మీద అది చాలు. మొదటి గేరులో అదే వేగం కావాలంటే నిమిషానికి 22 చుట్లు, అంటే ప్రతి చుట్టుకీ మూడున్నర రెట్ల బరువు మోకాలి మీద. అంతర్జాతీయ జూనియర్ రేసుల్లో చాలా ఏళ్ళు ఒక్క చుట్టుకి 7.93 మీటర్లు దాటకూడదని రూల్ ఉండేది, 2023లో తీసేశారు. ఎదిగే వయసులో బరువు గేరు తొక్కడం కంటే కాళ్ళు చురుగ్గా తిప్పడం ముందు రావాలన్నదే దాని వెనక ఆలోచన.

వెలోసియో సైకిల్ తొక్కేవాళ్ళకి ఏడు సూత్రాలు పెట్టాడు. నా మాటల్లో చెప్తాను: ఆగడం తక్కువసార్లు, తక్కువసేపు ఉండాలి. ఆకలి కాకముందే తినాలి, కొంచెం కొంచెంగా తరచూ తినాలి. తిండీ నిద్రా చెడేంత అలసిపోకూడదు. చలి వేయకముందే కప్పుకోవాలి, వేడెక్కకముందే విప్పాలి. దారిలో మద్యం, మాంసం, పొగాకు మానాలి. ముఖ్యంగా మొదటి గంటల్లో శక్తికి మించి తొక్కకూడదు. చివరిది, గొప్ప కోసం తొక్కకూడదు. మేమిద్దరం కోటప్పకొండ మీద తప్పింది ఈ చివరి రెండే. మిగతా అయిదింటి దాకా వెళ్ళనే లేదు!

మోకాలు పూర్తిగా తగ్గాక, శివరాత్రి ప్రభల సందడి మొదలవకముందు, మళ్ళీ వెళ్ళాం. కొండ కిందే ఇద్దరం చిన్న గేరు వేసుకున్నాం. సగం దారిలో బండి మీద వెళ్తున్న కుర్రాళ్ళు, ఏంట్రా గాల్లో తొక్కుతున్నారు అని నవ్వుకుంటూ పోయారు. మా తమ్ముడి చెయ్యి గేరు లివర్ మీదకి వెళ్ళింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి వచ్చేసింది. ఆ రోజు ఎక్కడా దిగకుండా పైదాకా వెళ్ళాం. ఇంటికొచ్చాక వాడు మా మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.