గచ్చు కింద గోదారి

పోయిన దసరా సెలవులకి ఇంటికెళ్తే బాత్రూం గుమ్మం ముందు గచ్చు ఒక అంగుళం కుంగి కనిపించింది. అంగుళమే కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. వారం తిరక్కుండా మామ్మ అక్కడే కాలు మడతపడి పడిపోయింది. తుంటి ఎముక దక్కింది, మణికట్టు విరిగింది. అంతకుముందు ఆర్నెల్లుగా మా మోటారు రోజుకి రెండుసార్లు వెయ్యాల్సి వస్తోంది. ట్యాంకు త్వరగా ఖాళీ అవుతోందంటే ఆ నెపం అందరూ నా స్నానం మీదకి తోశారు.

తాపీమేస్త్రి వచ్చి గచ్చు పగలగొట్టాక అసలు సంగతి బయటపడింది. కాంక్రీటు కింద పైపు ఎల్బో దగ్గర జాయింటు వదిలేసింది. సన్నటి ధార, అంతే. కానీ దాని చుట్టూ పోసిన ఇసుక లేదు! మోచేతిదాకా చెయ్యి దూరేంత ఖాళీ. ఆ ఇసుకంతా డ్రైనేజీ పైపు పక్కనున్న సందులోంచి జారి బయటి చాంబర్‌లో చేరింది. నీళ్ళు కారినందుకు గచ్చు కుంగలేదు, నీళ్ళు తమతో ఇసుకని పట్టుకుపోయాయి గనక కుంగింది.

నేను సివిల్ మూడో సంవత్సరం. ఆ గొయ్యి చూస్తూ కూర్చుంటే నాకు గుర్తొచ్చింది మా ఊరి సెంటర్లో గుర్రం మీదున్న కాటన్ దొర. చిన్నప్పట్నుంచీ ఆయన్ని కాలవలు తవ్వించిన మనిషిగానే విన్నాను. కానీ ఆయన బతుకులో సగం గడిచింది ఈ గొయ్యి తగువుతోనే. ఇసుక మీద కట్టిన దాని కిందనుంచి నీళ్ళు పోతుంటే ఇసుకని ఆపడం ఎలా అన్నదే ఆ తగువు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీ వాళ్ళ అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. 1821లో మద్రాసు చేరేసరికి ఆయన వయసు పద్దెనిమిది, అంటే మన ఫస్టియర్ వాళ్ళ వయసు. మొదటి బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చాడు. ఆ ముచ్చట్లు మనకి అక్కర్లేదు. మనకి కావలసిన కథ తంజావూరు దగ్గర మొదలవుతుంది.

కావేరి మీద కల్లణై అని ఒక ఆనకట్ట ఉంది, కరికాల చోళుడు కట్టించాడని చెబుతారు. కొలతకందని ఇసుక మీద పెద్ద పెద్ద రాళ్ళు పడేసి కట్టిన కట్ట అది. రాయి వేస్తే ఇసుకలోకి దిగిపోతుంది, దాని మీద ఇంకో రాయి. దిగడం ఆగేదాకా వేస్తూ పోవడమే. కంపెనీ ఇంజనీరుకి ఇది మొరటు పనిగా కనబడాలి నిజానికి. కాటన్‌కి అలా కనబడలేదు. లోతెంతో తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాతవాళ్ళ దగ్గరే నేర్చుకున్నానని తర్వాత రాసుకున్నాడు. ఆయనలో నాకు బాగా నచ్చేది ఈ ఒప్పుకోలు. దొరతనం నడుస్తున్న రోజుల్లో అలా రాసిపెట్టడం చిన్న విషయం కాదు.

అక్కడ నేర్చుకున్నదానితోనే 1836లో కొళ్ళిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు కట్టాడు. అన్నీ సవ్యంగా జరిగాయనుకోకండి. ఎగువ ఆనకట్ట వల్ల కావేరి పాయలోకి నీళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువగా మళ్ళి, పాయ అడుగు కోసుకుపోసాగింది. కొన్నేళ్ళకే దాని మొదట్లో అడ్డంగా అడుగుగోడ కట్టాల్సొచ్చింది. ఒకచోట ఆపితే నీరు ఇంకోచోట దారి వెతుక్కుంటుందన్నది ఆయనకి పుస్తకంలో కాదు, నదిలోనే తెలిసింది.

ఆ రోజుల్లో మన జిల్లా సంగతి వేరు. 1832-33 కరువు, 1839లో కోరంగిని ఊడ్చేసిన తుఫాను, మధ్యమధ్య వరదలు. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలుంటే 1841 నాటికి 5.61 లక్షలకి పడిపోయింది. పక్కనే గోదారి పారుతుండగా జనం తిండిలేక చచ్చిపోయారు, వలసపోయారు. విశాఖపట్నం వైపు పనిచేస్తున్న కాటన్ 1844, 45ల్లో గోదావరి గురించి నివేదికలు పంపాడు. 1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది.

ధవళేశ్వరం దగ్గర నది లంకలతో కలిపి ఆరు కిలోమీటర్ల వెడల్పు. లంకల్ని వదిలేసి పాయల మీదే నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగూ కలిపి సుమారు 3.6 కిలోమీటర్లు, ఎత్తు పన్నెండడుగులు. రాయి ధవళేశ్వరం కొండదే. పునాదికి రాతినేల దొరక్క కాదు, దొరికేదాకా తవ్వడం కుదరక ఇసుకలోనే బావులు దించారు. మన ఊళ్ళల్లో నూతికి ఒరలు దించినట్టే అనుకోండి. వరసగా బావులు, వాటి మీద గోడలు, గోడల మధ్య ఇసుక నింపి పైన రాతికట్టు. దిగువన చాలా దూరం వరకూ వదులుగా పరిచిన పెద్ద రాళ్ళు.

ఆ వదులు రాళ్ళే నాకు అన్నిటికంటే అందంగా కనిపిస్తాయి. మనమైతే సిమెంటుతో గట్టిగా అతికేస్తాం, కింద ఇసుక పోయినా పైకి తెలియకుండా ఒకరోజు ఫెళ్ళున విరిగేలా. సరిగ్గా మా గచ్చు అలాంటిదే. వదులు రాయికి ఆ పొగరు లేదు. కింద ఇసుక కోసుకుపోతే తనే ఆ గోతిలోకి దిగి దాన్ని మూస్తుంది, పైన ఇంకో రాయి వేసుకోవచ్చు. కల్లణై పాఠమే ఇది.

ఇంకోటి చెప్పాలి. ఇసుకలోంచి నీరు ఎంత వేగంతో పోతుందో చెప్పే డార్సీ సూత్రం వచ్చింది 1856లో. ఆనకట్ట పూర్తయింది 1852లో. మనం పరీక్షకి బట్టీపట్టే బ్లై క్రీప్ సిద్ధాంతం 1910 నాటిది, ఖోస్లా సిద్ధాంతం 1936 నాటిది. నీరు నడిచే దారి పొడవు పెంచు, బయటికొచ్చే చోట దాని జోరు తగ్గించు, ఇసుకని కదలనీకు అని ఆ సిద్ధాంతాలు చెప్పే పనిని ఆయన సూత్రం లేకుండా బావులతో, రాళ్ళతో చేశాడు. మా ఇంటి లెక్క కూడా వేశాను. డాబా మీద ట్యాంకులో నీటిమట్టం గచ్చుకి పదిహేనడుగుల ఎత్తున ఉంది. అంటే మా బాత్రూం కింద పైపులో ఉన్న ఒత్తిడి ఆనకట్ట వెనక నీటి ఒత్తిడి కంటే ఎక్కువ. దాన్ని మేం ఒక చుక్క సొల్యూషన్ రాసిన జాయింటుకి అప్పజెప్పి పైన కాంక్రీటు పోసేశాం.

ఆనకట్టని ఆయనొక్కడే కట్టలేదు. మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద వెళ్ళిపోతే కెప్టెన్ ఆర్ పని నడిపాడు. వీణెం వీరన్న అనే మన మనిషి కూలీల్ని కూడగట్టి పనులు చూశాడు. వేలమంది రాళ్ళు మోశారు, వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. కంపెనీ డబ్బు పెట్టిందీ మన మీద జాలితోనే కాదు, శిస్తు పెరుగుతుందన్న లెక్క కూడా ఉంది. ఆ మాట కాటన్ తన నివేదికల్లో దాచలేదు, పైవాళ్ళని ఒప్పించడానికి అదే వాడాడు. గోదారి స్నానంలో సంకల్పం చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా తలుచుకునే వాళ్ళున్నారు మా వైపు. నేను తప్పుపట్టను గానీ, ఆ వరసలో వీరన్న పేరు కూడా వినాలనుంటుంది.

1861లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. రైళ్ళకంటే పడవలు నడిచే కాలవలు మేలని జీవితాంతం వాదించాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే వాదన. గెలవలేదు. ముసలితనంలో డోర్కింగ్‌లో దొడ్డి నేలని లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేసుకుంటూ ఉండిపోయాడు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ళకి పోయాడు. పాత ఆనకట్టకి కాస్త ఎగువన 1982లో పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. దాని కింద ఇప్పుడు సుమారు పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి.

మా ఇంటికొస్తే, ఈసారి నాన్నగారు నా మాట విన్నారు. నీళ్ళ పైపుని గచ్చు కిందనుంచి తీసేసి గోడ వెంబడి పైకి తిప్పించాం. కిందనుంచి తప్పనిసరిగా పోవాల్సిన డ్రైనేజీ పైపుకి గచ్చు కింద ఒక్క జాయింటు కూడా లేకుండా ఒకే ముక్క వేయించాం. పునాది గోడలోంచి దూరే చోట కాస్త పెద్ద గొట్టం తొడిగించాం, నేల కదిలినా పైపు విరక్కుండా. మాది నల్లరేగడి, వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుపోతుంది. ఆ గొట్టం చుట్టూ ఇసుక జారే సందు లేకుండా మూయించాం. గొయ్యిలో ఇసుక కొంచెం కొంచెంగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాం. డ్రైనేజీ పైపు చివర బిగించి నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచాక గానీ పైన కాంక్రీటు పొయ్యనివ్వలేదు. మేస్త్రికి నచ్చలేదు, ఒక రోజు కూలి పోతుందన్నాడు. ఆ కూలి ఇచ్చాం.

కాంక్రీటు ఆరాక ఒక రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో బొగ్గుతో గీత గీశాను. తెల్లారి మామ్మ కట్టుకట్టిన చేత్తోనే మెట్ల దగ్గర నిలబడి ఏమైందిరా అని అడిగింది. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.